డబుల్ కలర్ ప్రేమకథ

ఈ పుస్తకంలో రెండే ఇంకులు ఉన్నాయి. ఒకటి నలుపు, రెండోది ఆకుపచ్చ. మూడో రంగు కావలసి వచ్చిన ప్రతిచోటా కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేశారు. సుమికో అరాయ్ రాసి, గీసిన ఈ జపాన్ మాంగాకు, అంటే బొమ్మల కథల పుస్తకానికి, ఇంగ్లీషులో ‘ది గై షీ వాజ్ ఇంట్రెస్టెడ్ ఇన్ వాజంట్ ఎ గై ఎట్ ఆల్’ అని పేరు. పలికేసరికి ఊపిరి అయిపోతుంది. అందుకే అభిమానులు ‘గ్రీన్ యూరి’ అని కుదించుకున్నారు. యూరి అంటే అమ్మాయికీ అమ్మాయికీ మధ్య ప్రేమను చెప్పే కథలు. గ్రీన్ ఎందుకో పుస్తకం తెరిస్తే చాలు.

హనుమకొండలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, బడి పిల్లల డైరీలు, ఎన్నికలు వస్తే కరపత్రాలు. కాబట్టి ఈ సమీక్షలో కథ సంగతి కొంచెం, ఇంకు సంగతి చాలా ఉంటుంది. ప్రేమకథ కోసమే వచ్చినవాళ్లు ఓపిక పట్టాలి. పుస్తకం తెప్పించింది మా అక్క కూతురు. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుతోంది, రాత్రంతా అనిమే (జపాన్ కార్టూన్ సీరియళ్లు) చూస్తుంది, పగలంతా ఆవలిస్తుంది. “చిన్నమ్మా, రెండు రంగుల పని అంటే నువ్వు అందరి మీదా విసుక్కుంటావు కదా, వీళ్లు ఎలా చేశారో చూడు” అని నా బల్ల మీద పడేసి పోయింది. వారం తర్వాత వచ్చి అసలు ప్రశ్న అడిగింది: “దీన్ని అనిమేగా తీస్తే ఎలా ఉంటుందంటావు?” ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే పుస్తకం గురించి రాయడానికి కూర్చుని తెర గురించి కూడా రాస్తున్నాను.

ముందు పుస్తకం. మా పనిలో సింగిల్ కలర్, డబుల్ కలర్, మల్టీకలర్ అని మూడు ధరలు ఉంటాయి. డబుల్ కలర్ అంటే రెండు ప్లేట్లు. సింగిల్ కలర్ మిషన్ మీద అయితే అదే కాగితం రెండుసార్లు వెళ్లాలి. రెండోసారి వెళ్లినప్పుడు వెంట్రుకవాసి జరిగినా బొమ్మ పెదవి ఒక చోట, పెదవి రంగు ఇంకో చోట పడతాయి. దాన్నే రిజిస్ట్రేషన్ పోవడం అంటాం. పెళ్లి పత్రికలో వినాయకుడి తొండం మీది ఎరుపు చెవి మీదికి వెళ్లిందని పెళ్లివారితో మాటలు పడిన ప్రింటర్లు వరంగల్‌లో ఎందరో ఉన్నారు. చాలామంది చవక అని డబుల్ కలర్ అడుగుతారు, చేతికి వచ్చాక మల్టీకలర్ లాగా లేదేమని అడుగుతారు. ఈ మాంగా మాత్రం డబుల్ కలర్‌ను పేదరికంలా వాడలేదు. ఆకుపచ్చను కొన్నిచోట్ల నిండుగా పరిచారు, కొన్నిచోట్ల చుక్కలుగా పలచబరిచారు, కొన్నిచోట్ల దాని మీద నలుపు ఎక్కించి చిక్కటి చీకటి తెచ్చారు. నా భూతద్దం కింద పెట్టి చూశాను, అంచులు శుభ్రంగా ఉన్నాయి. పుస్తకం మూల నలిగి వచ్చింది, కానీ ఆ పుణ్యం పార్శిల్ తెచ్చినవాళ్లది.

కథ సులువుగానే చెప్పవచ్చు. అయా అనే హైస్కూలు అమ్మాయికి పాశ్చాత్య రాక్ సంగీతం అంటే పిచ్చి. తోటి విద్యార్థుల్లో ఆ సంగీతం గురించి మాట్లాడగలిగిన వాళ్లు లేరు. ఒక సీడీ దుకాణంలో నల్లటి బట్టలు, ముఖానికి మాస్కు, చెవులకు పోగులతో కనిపించిన కుర్రవాడి మీద మనసు పడుతుంది. అతని అభిరుచి అచ్చం తన అభిరుచే. ఆ కుర్రవాడు కుర్రవాడు కాదు. తరగతిలో తన పక్కనే కూర్చునే, కళ్లద్దాలు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడని మిత్సుకి. మిత్సుకికి ఈ సంగతి తెలుసు, అయాకు తెలియదు. పేరులోనే గుట్టు విప్పేశారు కాబట్టి నేను చెప్పడం వల్ల మీకు నష్టం లేదు. గుట్టు ఎప్పుడు బయటపడుతుందా అన్న ఉత్కంఠ మీద ఈ కథ నడవదు. బయటపడిన తర్వాత ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎలా చూసుకోవాలో తేల్చుకోవడంలోనే దీని రుచి ఉంది.

అమ్మాయిల ప్రేమకథ మీద నా అభిప్రాయం ఏమిటని మా ప్రెస్సుకు వచ్చే ఒక పెద్దాయన అడిగారు, పుస్తకం బల్ల మీద చూసి. ఇన్నేళ్లలో మా ప్రెస్సులో ఒకే పత్రిక మీద రెండు చి.ల.సౌ.లు వేయలేదు. 2018లో సుప్రీంకోర్టు అలాంటి ప్రేమ నేరం కాదంది, 2023లో దాన్ని పెళ్లిగా గుర్తించడం తమ పని కాదంది. చట్టం అక్కడ ఆగింది. ఎవరైనా అలాంటి పత్రిక అడిగితే నేను వేస్తాను, అడ్వాన్సు మాత్రం అందరిలాగే ముందు ఇవ్వాలి. ఆయన టీ తాగి వెళ్లిపోయారు.

ఇక ఆకుపచ్చ. ఈ పుస్తకాన్ని తెర మీదికి తెచ్చేవాళ్లకు అసలు చిక్కు దీనితోనే అని నా నమ్మకం, ఎందుకంటే ఇక్కడ ఆకుపచ్చ ఏ వస్తువుకూ సొంత రంగు కాదు. ఒక పేజీలో అది గోడ, ఇంకో పేజీలో నీడ, మరో చోట పాట వింటున్నప్పుడు తల చుట్టూ నిండే గాలి. చెట్టు ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ వేయలేదు. కథకు ఎక్కడ బరువు కావాలో అక్కడ వేశారు. మామూలు అనిమే పద్ధతిలో ప్రతి పాత్రకూ ముందే రంగుల పట్టిక తయారు చేస్తారు: జుట్టు ఈ రంగు, జుట్టు నీడ ఈ రంగు, మెరుపు ఈ రంగు, రాత్రి దృశ్యం అయితే ఇంకో వరస. ఈ పనికి కలర్ డిజైనర్ అని ప్రత్యేకంగా ఒకరు ఉంటారు. ఆ పట్టిక ప్రకారం పోతే అయా చర్మానికి చర్మం రంగు, బడి గోడకు గోడ రంగు వచ్చి, ఆకుపచ్చకు చోటే ఉండదు. మరీ అభిమానం ఉంటే ఒక కర్టెనో, గిటారు పట్టీయో ఆకుపచ్చగా వేసి గుర్తుగా మిగులుస్తారు. అంటే రంగు తన పని పోగొట్టుకుని అలంకారం అవుతుంది.

పుస్తకంలో ఉన్నట్టే నలుపు, ఆకుపచ్చ, తెలుపు మాత్రమే ఉంచి మొత్తం తీయవచ్చు కదా అంటారు. మా అక్క కూతురూ అదే అంది. అక్కడే నేను చాలాసేపు తల గోక్కున్నాను, ఎందుకంటే చిక్కు ఆకుపచ్చలో కన్నా తెలుపులో ఎక్కువ ఉంది. కాగితం మీద తెలుపు అంటే మేము ఏమీ వేయకపోవడం. గదిలో ఎంత వెలుతురు ఉంటే కాగితం అంతే తెల్లగా ఉంటుంది, అంతకు మించి తనది అంటూ ఏమీ చూపించదు. తెర మీద తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు దీపాలనూ పూర్తిగా వెలిగించడం. కాగితం మీద ఊరుకున్న చోటు తెర మీద అన్నిటికంటే గట్టిగా అరుస్తుంది. ఈ మాంగాలో ముఖాలు చాలాచోట్ల వట్టి కాగితమే. అదే ముఖం చీకటి గదిలో టీవీ మీద నిండు తెలుపుగా వెలిగితే, చూసేవాడి చూపు కళ్ల దగ్గరికి, నోటి దగ్గరికి వెళ్లే ముందు బుగ్గ మీద ఆగిపోతుంది. దాన్ని తగ్గించడానికి తెలుపును కొంచెం మీగడ రంగుకు దించాలి. మీగడకు దించితే పక్కన ఉన్న ఆకుపచ్చ కూడా వేరుగా కనబడుతుంది, ఎందుకంటే రంగు ఎప్పుడూ పక్క రంగును బట్టే కనిపిస్తుంది. ఒకటి కదిపితే మొత్తం కదపాలి. మ్యాప్లిథో అనే మామూలు కాగితం మీద బాగా వచ్చిన పనిని నున్నటి ఆర్ట్ పేపరు మీదికి మార్చమని అడిగే కస్టమర్లకు నేను చెప్పే మాటే ఇది. అక్కడ కాగితం మారితేనే ఇంత గొడవ, ఇక్కడ కాగితమే ఉండదు.

కంటి సంగతి ఇంకొకటి. నిండు ఆకుపచ్చను కాసేపు చూసి తెల్ల గోడ వైపు తిరగండి, గులాబీ ఛాయ తేలుతుంది. కన్ను ఒక రంగుకు అలసిపోతే దాని ఎదురు రంగును తనంతట తాను పుట్టిస్తుంది. ఆపరేషన్ గదుల్లో ఆకుపచ్చ బట్టలు వాడటానికి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి: ఎర్రటి రక్తాన్నే చూసి అలసిన కంటికి తెల్ల గుడ్డ మీద ఆకుపచ్చ నీడలు తేలుతాయి, ఆకుపచ్చ గుడ్డ మీద అవి కనబడవు. పుస్తకంలో ఈ ఇబ్బంది లేదు. మనం పేజీ తిప్పుతాం, టీ తాగుతాం, కిటికీలోంచి చూస్తాం. ఒక ఎపిసోడ్ ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు ఆగకుండా నడుస్తుంది. అంతసేపు ఆకుపచ్చ నింపితే తెల్లటి ముఖాలకు గులాబీ పూత దానంతట అదే వస్తుంది, అది దర్శకుడి చేతిలో ఉండదు. ఇందులోంచి ఒక తెలివైనవాడు లాభం కూడా పొందగలడు. సిగ్గుపడే ముఖానికి రంగు వేయకుండా, ముందు కాసేపు ఆకుపచ్చ చూపించి, చూసేవాడి కంటితోనే ఆ ఎరుపు పుట్టించవచ్చు. ఎవరైనా చేస్తారేమో తెలియదు కానీ నాకైతే చూడాలని ఉంది.

చుక్కల గొడవ చిన్నదేమీ కాదు. మాంగాలో లేత రంగు అంటే చుక్కలు. కాగితం కదలదు కాబట్టి చుక్కలు కదలవు. అనిమేలో మనిషి నడిచినప్పుడు చొక్కా మీది చుక్కలు మనిషితో పాటు వెళ్లాలా, తెరకు అతుక్కుని అక్కడే ఉండాలా? 2004లో వచ్చిన ‘గంకుత్సువో’ అనే అనిమే రెండో దారి పట్టింది. పాత్ర కదులుతుంది, బట్ట మీది నమూనా కదలదు, కిటికీ అవతల వేలాడదీసిన పరదాను మనిషి ఆకారంలో కత్తిరించిన రంధ్రంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. మొదటి ఎపిసోడ్లో తల తిరుగుతుంది, తర్వాత అలవాటవుతుంది. 2007 నాటి ‘మోనోనోకే’ తెర మొత్తానికీ చేతి కాగితపు గరుకుదనం వేసింది. అది నాకు చాలా నచ్చింది, ప్రింటరు కళ్లకు పండగ. 2018లో హాలీవుడ్ వాళ్లు ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’లో ఏకంగా చుక్కలతో పాటు రిజిస్ట్రేషన్ తప్పిన రంగులను కూడా కావాలనే వాడారు. దూరంగా ఉన్నవాటిని మసకబార్చే బదులు రంగులను పక్కకు జరిపారు. నేను జీవితమంతా ఏ తప్పు రాకుండా చూసుకోవడానికి కళ్లు పోగొట్టుకున్నానో, ఆ తప్పుకు వాళ్లు అందం పూసి కోట్లు సంపాదించారు. కోపం వచ్చింది, కానీ బాగుందని ఒప్పుకోక తప్పదు.

ఇవన్నీ పెద్ద తెర మీద చూస్తే సరే. మనలో ఎక్కువమంది చూసేది ఫోనులో. ఇంటర్నెట్‌లో వచ్చే వీడియో మామూలుగా వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని నిలువుగా సగం, అడ్డంగా సగం తగ్గించి పంపుతుంది. మామూలు సినిమాకు ఆ తేడా తెలియదు. నలుపు పక్కన నిండు ఆకుపచ్చ ఉండి, మధ్య అంచు కత్తితో కోసినట్టు ఉండాల్సిన బొమ్మకు తెలుస్తుంది. అంచు పక్కన ఆకుపచ్చ చెమ్మ పట్టినట్టు పాకుతుంది. చిన్న చుక్కలు అయితే నీటి అలల్లా మెలికలు తిరుగుతాయి. కాబట్టి పుస్తకాన్ని అలాగే దించేస్తామనే వాళ్లు ముందు ఒక చవక ఫోనులో, బస్సులో కూర్చుని, తాము తీసిన ముక్కను చూసుకోవాలి.

చూపు ప్రత్యేకంగా ఉన్న మాంగాను తెర మీదికి తెచ్చినవాళ్లు ఇంతకుముందు లేరా అంటే ఉన్నారు. తకాకో షిమురా ‘అవోయి హనా’ 2009లో అనిమే అయింది, పదకొండు ఎపిసోడ్లు, దర్శకుడు కెనిచి కసాయ్. షిమురా గీత సన్నగా ఉంటుంది, పేజీలో ఖాళీ ఎక్కువ. ఖాళీని తెర మీద ఖాళీగా చూపిస్తే పని ఎగ్గొట్టినట్టు ఉంటుందని భయపడాల్సిన చోట, వాళ్లు కామకురా పట్టణపు వీధులను, రైలును, సముద్రపు గట్టును నీటి రంగుల్లాంటి మెత్తటి నేపథ్యాలుగా నింపారు. షిమురా ఖాళీ పోయింది, దాని బదులు ఒక ఊరు వచ్చింది. నాకు ఆ బేరం గిట్టుబాటే అనిపించింది. హరుకో ఇచికావా ‘హోసెకి నో కునీ’ని యూరి అనడానికి అందరూ ఒప్పుకోరు, కానీ ఈ చర్చలో అది లేకపోతే కుదరదు. మాంగాలో నలుపు తెలుపుల మధ్య భయంకరమైన శూన్యం ఉంటుంది. 2017లో ఒరెంజ్ అనే స్టూడియో కంప్యూటర్ బొమ్మలతో రత్నాల జుట్టులోంచి వెలుగు విరిగేలా చేసింది. కాగితం చేయలేని పని అది. దానికి చెల్లించిన ధర కూడా ఉంది: ఆ శూన్యపు చలి కాస్త తగ్గింది. అయినా అది ధైర్యంగా తీసుకున్న నిర్ణయం. పుస్తకాన్ని దింపడం మానేసి, పుస్తకంలో ఉన్న ఒక్క సంగతి ఏదో పట్టుకుని దాన్ని తెర భాషలో మళ్లీ కట్టారు.

నియో నకతాని ‘యగతే కిమీ నీ నారు’ మూడో దారి. 2018లో త్రోయికా స్టూడియో పదమూడు ఎపిసోడ్లుగా తీసింది, దర్శకుడు మకోతో కతో. రెండో ఎపిసోడ్లో రైలు గేటు దగ్గర ముద్దు ఉంటుంది. పేజీలో అది ఆగిపోయిన క్షణం. తెర మీద రైలు వెళ్లాలి, శబ్దం ఉండాలి, ఆ రైలు ఎంతసేపు వెళ్తుందన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. కాజీపేటలో గేటు పడినప్పుడు గూడ్సు బండి వెనక నిలబడిన వాళ్లకు రైలు ఎంత పొడవు ఉండగలదో తెలుసు. అక్కడ వాళ్లు ఆ కొలత సరిగ్గా పట్టుకున్నారు. బాధంతా ఆ అనిమే ఆగిన చోట ఉంది. మాంగా 2019లో ఎనిమిది సంపుటాలతో ముగిసింది, అనిమే అంతకుముందే, ఆ పిల్లలు వేయబోయే నాటకం తెర లేవకముందే ఆగిపోయింది. ‘అవోయి హనా’ కూడా సగంలోనే ఆగింది. యూరి కథలకు రెండో విడత దొరకడం కష్టం. కాబట్టి తీసేవాళ్లు మొదటి విడతలోనే ఏది చెప్పాలో తేల్చుకోవాలి. పని చేసే చేతులు చాలకపోతే ఎలా ఉంటుందో 2024లో ‘ససయాకు యో నీ కోయి ఓ ఉతావు’ చూపించింది. అదీ సంగీతం చుట్టూ తిరిగే యూరి కథే. ఏప్రిల్లో మొదలైన దాని చివరి రెండు ఎపిసోడ్లు డిసెంబరు దాకా రాలేదు.

కొలత అన్నాను కదా, దాని గురించి ఇంకాస్త చెప్పాలి. మన చేర్యాల పటం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చేర్యాల ఒకప్పటి వరంగల్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన ఊరు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, దాని మీద నకాషీలు కథను వరసగా గీస్తారు. నేపథ్యం ఎక్కడ చూసినా ఎరుపే. అడవిలోనూ ఎరుపు, రాజుగారి కొలువులోనూ ఎరుపు. ఆకాశం ఎర్రగా ఉందేమని ఏ పల్లెలోనూ ఎవరూ అడగలేదు. ఒక కథకు ఒక నేల రంగు ఉంటే, చూసేవాడు ఆ రంగును గమనించడం మానేసి బొమ్మను చూస్తాడు. అరాయ్ ఆకుపచ్చకు నాకు తెలిసిన అతి దగ్గరి బంధువు ఈ ఎరుపే. ఇంకో సంగతి, పటం తనంతట తాను కథ చెప్పదు. కాకిపడగల వాళ్లో, మందహెచ్చుల వాళ్లో దాన్ని వేలాడదీసి, కర్రతో చూపిస్తూ, పాడుతూ చెబుతారు. ఏ గడి దగ్గర ఎంతసేపు ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో కథకుడి ఇష్టం. జనం ఏడుస్తుంటే ఇంకాస్త ఆగుతాడు. మాంగాలో ఆ కర్ర పాఠకుల చేతిలో ఉంటుంది. అనిమేలో దర్శకుడి చేతికి వెళ్తుంది, ఒకసారి వెళ్లాక ఎవరు ఏడ్చినా ఆగదు.

ఈ మాంగాను ఆ సంగతి ఎక్కువ బాధ పెడుతుంది. ఇది 2022లో ట్విటర్‌లో పుట్టింది. ఒక పోస్టుకు నాలుగు బొమ్మలకు మించి పెట్టనివ్వని చోట పుట్టిన కథ కాబట్టి అధ్యాయాలు చిన్నవి. ఒక చూపు, ఒక మాట, ఒక దాచిన నవ్వు, అంతే, అయిపోతుంది. కడోకవా వాళ్లు పుస్తకంగా తెచ్చారు, ఇంగ్లీషులో యెన్ ప్రెస్ వేసింది. పుస్తకంలో ఒకదాని వెంట ఒకటి చదివినా ప్రతి ముక్క చివర ఒక చిన్న ఊపిరి ఆగుతుంది. ఇలాంటి ముక్కలను ఇరవై నిమిషాలకు అతికించడం సులువైన పని కాదు. ఊపిరి ఆగిన చోటల్లా ఆపితే నత్తి వస్తుంది. ఆపకుండా పరిగెడితే ప్రతి ముక్కకూ ఉన్న కొస విరిగిపోతుంది. నన్ను అడిగితే ఇరవై మూడు నిమిషాల చట్రమే వద్దు. ఐదేసి నిమిషాల చిన్న ఎపిసోడ్లుగా తీయండి, ఆకుపచ్చకు కన్ను అలిసే గొడవ కూడా సగం తీరుతుంది. టీవీ ఛానెళ్ల లెక్కలు ఒప్పుకోకపోవచ్చు, అది వాళ్ల బాధ.

పాటల దగ్గరికి వద్దాం. ఈ పిల్లలు ప్రేమలో పడేది సంగీతం వల్ల. పేజీ మీద పాట పేరు రాస్తే చాలు, తెలిసినవాడి చెవిలో అదే మోగుతుంది, తెలియనివాడు తనకు నచ్చింది ఊహించుకుంటాడు. తెర మీద ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్న అమ్మాయి కళ్లు పెద్దవయ్యే దృశ్యం వచ్చినప్పుడు ఏదో ఒకటి వినిపించాలి. అసలు పాట వినిపించాలంటే హక్కులు కొనాలి, ఒక దేశానికి కొన్న హక్కు ఇంకో దేశానికి పనికిరాకపోవచ్చు. 2009లో ‘ఈడెన్ ఆఫ్ ది ఈస్ట్’ అనే అనిమేకు ఒయాసిస్ బ్యాండ్ పాట ‘ఫాలింగ్ డౌన్’ ఓపెనింగ్‌గా పెట్టారు. అమెరికా విడుదలకు వచ్చేసరికి అది మొదటి ఎపిసోడ్‌కే మిగిలింది, మిగతావాటికి వేరే పాట వేశారు. 2012 నాటి ‘జోజో’ అనిమే ముగింపులో యెస్ బ్యాండ్ వాళ్ల ‘రౌండెబౌట్’ వాడారు కాబట్టి అసాధ్యం అనడానికి లేదు. కానీ ఒక ముగింపు పాట కొనడం వేరు, ప్రతి ఎపిసోడ్‌కూ రెండు మూడు పాటలు కొనడం వేరు. డబ్బు లేక, రాక్ లాగా వినిపించే అనామక వాయిద్యం ఒకటి వేస్తే ఈ కథ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అయాకు నచ్చింది ఏదో ఒక రాక్ కాదు కదా, ఎవరూ వినని ఆ పాటే కదా. అందుకని నా సలహా: కొనగలిగిన ఒక్కటి రెండు పాటలు కొని, మిగతా చోట్ల అసలేమీ వినిపించకండి. ఇయర్‌ఫోన్ లోపల ఏం మోగుతుందో బయట ఉన్నవాళ్లకు తెలియకపోవడం సహజమే. ఆ క్షణంలో తెరను ఆకుపచ్చతో నింపండి. పుస్తకం చేసింది అదే.

మిత్సుకి గొంతు గురించి మా అక్క కూతురికి దిగులు. మాట్లాడగానే అమ్మాయని తెలిసిపోదా, అయా అంత అమాయకురాలా అని. దీనికి నేను పెద్దగా కంగారు పడను. జపాన్ అనిమేలో మగపిల్లల పాత్రలకు ఆడవాళ్లు గొంతు ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. ‘నరుతో’లో నరుతోకు జున్కో తకెఉచి, ‘వన్ పీస్’లో లూఫీకి మయుమి తనకా చెప్పారు. అక్కడి చెవి దానికి అలవాటు పడిపోయింది. పైగా సీడీ దుకాణంలో ఆ మనిషి మాట్లాడేదే తక్కువ.

సీడీ దుకాణం అంటే గుర్తొచ్చింది, మన దగ్గర ఈ కథ నడవదు. హనుమకొండ చౌరస్తాలో క్యాసెట్లు, సీడీలు అమ్మిన చోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. జపాన్‌లో ఇంకా సీడీలు కొంటున్నారు, టోక్యోలోని షిబుయాలో టవర్ రికార్డ్స్ దుకాణం అంతస్తుల మీద అంతస్తులు నిలబడి ఉంది. ఈ మాంగా చదివే మన కుర్రకారుకు దుకాణంలో నిలబడి పాట వెతకడం చరిత్ర పాఠం లాంటిది. మా ఇంట్లో ఆ పిల్లకు సీడీ కవరు తెరిస్తే లోపల పాటల సాహిత్యం అచ్చు వేసిన చిన్న పుస్తకం ఉండేదని చెబితే, “అది ఎవరు ప్రింట్ చేసేవాళ్లు?” అని అడిగింది. మొదటిసారి మా వృత్తి మీద ఆసక్తి చూపించింది.

తనకూ నాకూ ఇంకా కుదరనిది ఒకటుంది. తనకు పూర్తి రంగుల్లో కావాలట. “ఇన్నాళ్లూ ఆకుపచ్చలో చూశాను చిన్నమ్మా, వాళ్లిద్దరూ మధ్యాహ్నం ఎండలో ఎలా ఉంటారో ఒక్కసారి చూడాలని ఉండదా?” అంది. నాకు ఉండదు. కానీ ఆ మాటలో పట్టు ఉందని ఒప్పుకుంటాను. ఒక దారి తోస్తోంది: బడి, ఇల్లు, వీధి మామూలు రంగుల్లో తీసి, సంగీతం మొదలైన చోట మాత్రం రెండు ఇంకులకు దిగడం. వినడానికి బాగుంది. నాకు భయం ఏమిటంటే, అప్పుడు ఆకుపచ్చ వస్తే ‘ఇప్పుడు భావోద్వేగం’ అని బోర్డు పెట్టినట్టు అవుతుంది. మూడో ఎపిసోడ్ నాటికి పిల్లలు కూడా ముందే కనిపెట్టేస్తారు. పుస్తకంలో అది అంతటా ఉంటుంది కాబట్టే ఎప్పుడు పని చేస్తుందో మనకు తెలియదు. ఈ వాదన భోజనాల దగ్గర నడుస్తూనే ఉంది, అక్క విసుక్కుంటోంది.

కొనాలా అంటే, కొనండి. మొదటి సంపుటం ఒక్కటి చాలు, నచ్చుతుందో లేదో తేలిపోతుంది. కుడి నుంచి ఎడమకు చదవాలి, రెండు పేజీలకు అలవాటైపోతుంది. ఇంగ్లీషు సులువైనదే, ఇంటర్ చదివిన పిల్లలు ఇబ్బంది లేకుండా చదువుతారు. కథలో కొట్లాటలు, విలన్లు కావాలనుకునేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు. నాకు కూడా మధ్యలో కొన్ని ముక్కలు ఒకేలా అనిపించాయి, ఒకరు చూస్తారు, ఇంకొకరు సిగ్గుపడతారు, మళ్లీ చూస్తారు. ఫోనులో కొన్ని పేజీలు చూసి ఇంతేనా అనుకోకండి, అక్కడ ఆకుపచ్చ దీపంలా వెలుగుతుంది, ఇంకులా ఉండదు. పుస్తకాన్ని ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో తెరవండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే గట్టి అట్టపెట్టెలో పంపమని అడగండి, లేకపోతే నాకులాగే మూల నలిగి వస్తుంది. వరంగల్‌లో మామూలు పుస్తకాల దుకాణాల్లో అడిగి చూశాను, పోటీ పరీక్షల గైడ్లు చూపించారు.